చెవి హోరుకు పాయింటు ఎవరు చూస్తారు?

బయట ఏ చప్పుడూ లేకుండానే చెవిలో గుయ్యిమనే రొద. కొందరికి ఈల, కొందరికి కీచురాళ్లు, కొందరికి మిల్లు మోత. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం చెవి రోగాలను 28గా లెక్కపెట్టి, అందులో కర్ణనాదాన్ని విడిగా చెప్పింది. కొత్త రోగమేమీ కాదు. 2022లో పలు దేశాల అధ్యయనాలను కలిపి వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి సుమారు 14 మంది ఈ హోరు ఎరిగినవాళ్లే. నూటికి ఇద్దరికి అది తీవ్రమైన బాధ. మాన్పే మందు ఇంతవరకు లేదు. 2014లో అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు మందులూ, జింకో ఆకు సారమూ, జింకు బిళ్లలూ వద్దన్నాయి. ఆరు నెలలు దాటి వేధించే హోరుకు మాటలతో చేసే మనోచికిత్సను సిఫారసు చేశాయి. చప్పుడుతో చేసే చికిత్సను మాత్రం ఇస్తే ఇవ్వొచ్చు అన్న వరసలో ఉంచాయి. ఇస్తే ఎవరికి ఇవ్వాలి, ఎవరికి గుణం కనిపిస్తుందో ముందే తెలుస్తుందా అన్న దగ్గర చిక్కు మొదలవుతుంది.

ఈ చిక్కు మీద కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఒక ఇంటి అరుగు మీద ఇద్దరి చేత వాదన పెట్టిస్తున్నాను. మనుషులు నేను కల్పించినవాళ్లు, వాళ్లు చెప్పే అధ్యయనాలు నిజమైనవి. మామ బేతంచెర్ల నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ దగ్గర చాలా ఏళ్లు నిలబడి, ఇప్పుడు ఊళ్లో ఉన్న కాస్త మెట్ట చేను చూసుకుంటున్నాడు. మేనకోడలు కర్నూలులో ఆడియాలజిస్టు.

మామ: పరీక్ష చేసినావు, చీటీ రాసినావు, చెవి మిషను పెట్టుకో మామా అంటివి. రెండు చెవులకూ కలిపి ధర కూడా చెప్పినావు. పనిచేస్తాదా చెయ్యదా అని అడిగితే మాత్రం చూద్దాం అంటుండావు. బోరు వేసేటప్పుడు కూడా ముందు పాయింటు చూపిస్తాం గదమ్మీ. చూడకుండా బోరుబండిని ఎవడన్నా పిలుస్తాడా?

కోడలు: పాయింటు చూపించి వేయించిన బోర్లలో మన చేన్లో నీళ్లు పడినవి ఎన్ని?

మామ: అది వేరే సంగతి.

కోడలు: అదే సంగతి మామా. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడిందని పాయింటు పెట్టినాయన, రెండించుల నీళ్లు పడిన బోర్ల పేర్లు చెప్పుకుంటాడు. దుమ్ము లేచిన బోర్ల పేరెత్తడు. అది అట్ల ఉంచు. యాడ వేసినా రెండింట్లో ఒక బోరు పడే నేలైతే, ఆయన ఏమీ చూడకుండా చెప్పినా సగం నిజమైతాది. ఆయన చెప్పబట్టి పడిందా, ఎట్లైనా పడేదేనా అని తెలియాలంటే ఆయన వద్దన్న చోట కూడా బోరు వేసి చూడాల. అట్ల వేసి చూసినవాళ్లు ఎవరన్నా ఉండారా?

మామ: డబ్బులెక్కువైనోడు ఎవడూ లేడు మన ఊళ్లో.

కోడలు: చెవి హోరులో అట్ల చూసినారు. అమెరికాలో సైన్యంలో ఉన్నవాళ్లు, పనిచేసి దిగినవాళ్లు 151 మందిని మూడు జట్లు చేసినారు. ఒక జట్టుకు కౌన్సెలింగు, దాంతో పాటు చెవిలో చప్పుడు చేసే మిషను. రెండో జట్టుకు అదే కౌన్సెలింగు, చూడ్డానికి అదే మిషను, పనికొచ్చే చప్పుడు మాత్రం లేదు. మూడో జట్టుకు ఆ ఆసుపత్రుల్లో మామూలుగా ఇచ్చే వైద్యం. ఏడాదిన్నర చూసి 2019లో ఫలితం చెప్పినారు. మూడు జట్లలోనూ దగ్గర దగ్గర సగం మందికి బాధ చెప్పుకోదగ్గంత తగ్గింది. జట్టుకూ జట్టుకూ తేడా లేదు.

మామ: ఇంకేం! మిషను దండగని నువ్వే ఒప్పుకుంటివి.

కోడలు: ఆ మూడు జట్లలో ఎవరినీ ఉత్తచేతులతో పంపలేదు మామా. ప్రతి ఒక్కరితో కూర్చుని మాట్లాడినారు, హోరు అంటే ఏమో చెప్పినారు, భయం తీసినారు. ఇంకోటి, వాళ్లకు వినికిడి దాదాపు బాగానే ఉంది. నీకు లేదు. అత్త వంటింట్లో నుంచి పిలిస్తే నీకు వినపడదు.

మామ: వినపడినా పలకను, అది వేరే.

కోడలు: నేను చెప్పేది ఇది. హోరు తగ్గినాయన్ను చూసి ఆ మిషను వల్లే తగ్గిందంటే కుదరదు. అట్లనే, ఎవరికి తగ్గుతాదో ముందే చెప్పినా సరిపోదు. మిషను పెట్టకపోయినా తగ్గేవాడెవడు, పెడితేనే తగ్గేవాడెవడు, ఈ ఇద్దరినీ విడదీసి చెప్పగలిగితే అదీ పాయింటు చూడ్డమంటే.

ఆమె చెప్పిన ఈ తేడాను పట్టించుకోకుండానే చెవి మిషన్ల ప్రకటనలు కొన్ని నడుస్తాయి. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇంతమందికి తగ్గిందంటారు. రానివాళ్లలో ఎంతమందికి తగ్గిందో ఎవరూ లెక్కపెట్టరు. 2018లో కాక్రేన్ సంస్థ చెవి మిషన్ల మీదా చప్పుడు మిషన్ల మీదా జరిగిన 8 ప్రయోగాలను, 590 మందిని ఒక్కచోట చేర్చి చూసింది. ఒక మిషనును ఇంకో మిషనుతో పోల్చినవే అన్నీ. ఏమీ ఇవ్వనివాళ్లతో పోల్చినది ఒక్కటీ దొరకలేదు.

మామ: సరే, సైన్యం సంగతి సైన్యానికి. నా సంగతి నాకు తెలుసు. ఎండాకాలం కూలరు ఆడినన్నాళ్లూ నాకు నిద్ర పట్టింది. దాన్ని ఎత్తి అటక మీద పెట్టినాక మల్ల మొదలు. సాయంత్రం పూట రాతివనం వైపు పోయి బండ మీద కూర్చోవడం నాకు అలవాటు. ఇప్పుడు అక్కడికి పోతే ఆ నిశ్శబ్దానికి చెవి ఇంకా రెండింతలు అరుస్తాది. చప్పుడుంటే నాకు సుఖం, చప్పుడు లేకుంటే నరకం. నా హోరు చప్పుడుకు లొంగుతాదని దీనితో తేలిపోలేదా?

కోడలు: ఈ మాట నీకన్నా రెండొందల ఏళ్ల ముందే అన్నారు. 1821లో పారిస్‌లో ఇటార్ అనే చెవి డాక్టరు తన పుస్తకంలో, హోరు ఉన్నవాళ్లను పచ్చికట్టెలు చిటపటలాడే పొయ్యి దగ్గర కూర్చోమని రాసినాడు. అమెరికాలో జాక్ వెర్నన్ అనే ఆయన 1970లలో, ఫౌంటెన్ పక్కన నిలబడితే ఒకాయన హోరు వినపడకుండా పోయిందని చూసి, చెవికి పెట్టుకునే మాస్కర్ల మీద పనిచేసినాడు. కూలరు చేసేది అదే, హోరును కప్పేస్తాది. కానీ 1990లో జాస్ట్రెబాఫ్ అనే ఆయన ఇంకో దారి చూపించినాడు. హోరు చెవిలో మొదలైనా బాధ పుట్టేది మెదడులో, మెదడు దాన్ని ప్రమాదమని పట్టుకుని కూర్చుంటాది, ఫ్యాను చప్పుడును మర్చిపోయినట్టు దీన్ని కూడా మర్చిపోవడం నేర్పించాల అన్నాడు. పూర్తిగా కప్పేస్తే మెదడు దేనికి అలవాటు పడాల? అందుకే చప్పుడును హోరు కన్నా ఒక మెట్టు కింద పెట్టమన్నాడు. కూలరు నీ హోరును కప్పగలదని తెలిసింది. తీసేసినాక కూడా నువ్వు హాయిగా ఉంటావని తెలియలేదు. దాన్ని తీస్తూనే మల్ల మొదలైందని నువ్వే చెప్తుండావు.

మామ: మరి నా చెవి పరీక్ష కాగితం చూసి ఏమీ చెప్పలేవా? ఏంటికి చేసినట్టు అది?

కాగితం ఇద్దరి మధ్యా అరుగు మీద ఉంది. ఎడమ నుంచి కుడికి లావు స్వరాల నుంచి సన్నని స్వరాల దాకా అంకెలు. గీత 2000 హెర్ట్జ్ దాకా పెద్దగా దిగకుండా వచ్చి, 4000 దగ్గర గుంటలో పడి, 8000 దగ్గర మళ్లీ కాస్త పైకి లేచింది. ఏళ్ల తరబడి మిషన్ల మోతలో పనిచేసినవాళ్ల కాగితాల మీద కనిపించే గుంట ఇది. చెవి ఎక్కడ దెబ్బతిన్నదో ఆ చుట్టుపక్కల స్వరంలోనే హోరు కూడా వినపడటం మామూలు. మామ హోరుకు దగ్గరగా ఉన్న స్వరం ఏదో కోడలు ఒక్కొక్కటే వినిపించి కనుక్కుంది. అది కూడా 4000 దగ్గరే తేలింది.

కోడలు: చెప్పగలిగింది కొంత ఉంది, చెప్తా. 2010లో షేటే అనే ఆయన బృందం చూసింది. హోరు స్వరం మిషను అందివ్వగలిగే స్వరాల లోపల ఉన్నవాళ్లకు, అంటే సుమారు 6000 లోపు ఉన్నవాళ్లకు, ఎక్కువ గుణం కనిపించింది. అంతకు పైన కీచుమనేవాళ్లకు పెద్దగా లేదు. నీది లోపలే ఉంది.

మామ: ఇదిగో, పాయింటు దొరికింది గదా! ఇంతసేపూ ఏంటికి దాచినావు?

కోడలు: దాచలేదు. అది కొద్దిమందిని చూసి చెప్పిన మాట. నేల కింద రాయి పగుళ్లు ఉండాయి అన్నంత వరకే అది చెప్తాది. నీళ్లు ఉండాయని కాదు.

మధ్యలో ఒక మాట నేను చెప్పాలి. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకునే లయతో కొట్టుకుంటున్నా, ఉన్నట్టుండి వినికిడి పడిపోయినా పాయింటు, మిషను అని ఆగకూడదు. చెవి డాక్టరు దగ్గరికి పోవాలి. వినికిడి పడిపోతే అదే రోజు పోవాలి. వినికిడి హఠాత్తుగా పోయినవాళ్లకు ఒక్కో రోజు ఆలస్యమూ నష్టమే.

కోడలు సంచిలోంచి ప్రశ్నల కాగితం తీసింది. 1996లో అమెరికాలో తయారైన 25 ప్రశ్నల పట్టిక అది. హోరు వల్ల నిద్ర చెడిందా, చిరాకు పుడుతోందా, నలుగురిలోకి పోలేకపోతున్నావా, ఇలాంటివి. అవునంటే 4 మార్కులు, ఒక్కోసారి అంటే 2, లేదంటే సున్నా. మొత్తం 100. చికిత్స ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నింపించి, తేడా చూసి గుణం కొలుస్తారు. ఏ అధ్యయనం ఎవరికి తగ్గింది అని చెప్పినా చాలావరకు ఇలాంటి కాగితం మీది తేడానే చెబుతోంది. మామ మొదటి ప్రశ్న నుంచి చివరి దాకా ఒక్కోసారి, ఒక్కోసారి అంటూ పోయాడు. 25 రెండ్లు 50. మధ్యస్థం అనే గడిలో పడింది.

అత్త గడప దగ్గర నిలబడి వింటోంది. రాత్రి రెండింటికి లేచి వాకిట్లో తిరిగేది ఒక్కోసారా? నీ చెల్లెలి కూతురి పెళ్లిలో మైకు పెట్టగానే చెప్పకుండా ఇంటికొచ్చేసింది ఒక్కోసారా? అని అడిగింది. మామ ఆమె వైపు చూడలేదు. కోడలు ఏమీ అనకుండా కాగితాన్ని మళ్లీ మొదటి ప్రశ్న దగ్గరికి తిప్పింది. ఈసారి 8 ప్రశ్నలకు జవాబు మారి, ఒక్కోసారి కాస్తా అవును అయింది. 66. ఇది తీవ్రం అనే గడి.

కోడలు: మిషను పెట్టలేదు, మందు ఇవ్వలేదు, పావుగంట కూడా కాలేదు. 16 మార్కులు కదిలినాయి మామా. ఈ పట్టికలో 7 మార్కులు తగ్గితే చాలు, మనిషికి తెలిసేంత మార్పు అని లెక్క. యూరప్‌లో ఐదు కేంద్రాల్లో 461 మందికి 12 వారాలు చికిత్స చేస్తే, ఒక చికిత్స ఇచ్చినవాళ్లకు సగటున 11.7, రెండు కలిపి ఇచ్చినవాళ్లకు 14.9 తగ్గినాయి. అత్త ఒక్క మాటతో నువ్వు దాన్ని దాటేస్తివి. ఇంత కదిలే అంకెను ముందే చెప్పమంటే ఎట్ల చెప్పేది?

మామ: నేను దాచుకున్నానని నన్నే తప్పు పడుతుండావు.

కోడలు: తప్పు పట్టలేదు. మగవాడు మేనకోడలి ముందు నిద్ర పట్టడం లేదని చెప్పుకోడు, నాకు తెలుసు. ఇంకోటి కూడా ఉంది. మొదట ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకే ఎక్కువ తగ్గుతాదని చాలామంది రాసినారు. జోస్యాల్లో కాస్త గట్టిగా కనిపించేది అది. కానీ మనిషి ఆసుపత్రికి వచ్చేది బాధ నెత్తికెక్కినప్పుడే. నెత్తికెక్కింది ఎట్లైనా కాస్త దిగుతాది. ఆ దిగడాన్ని కూడా మిషను ఖాతాలో వేసుకుంటారు.

మామ: మనుషులు అబద్ధం చెప్తారు, ఒప్పుకుంటా. మెదడు చెప్పదు గదా. తలకు తీగలు పెట్టి, మెదడులో కరెంటు చూసి, ఎవరికి పనిచేస్తాదో కంప్యూటరు చెప్తాదంట. న్యూజీలాండ్‌లో కనిపెట్టినారని పక్కింటి పిల్లోడు ఫోన్లో చదివి వినిపించినాడు.

కోడలు: నిజమే, ఆక్లండ్ పరిశోధకులు 2023లో ప్రచురించినారు. ఈఈజీ తీసి, దానితో పాటు ప్రశ్నల మార్కులు కలిపి కంప్యూటరుకు నేర్పిస్తే, నూటికి తొంభై దాటి సరిగ్గా చెప్పిందన్నారు. మంచి పనే, ఆ దారిలో పోవాల్సిందే. కానీ వాళ్లు చూసింది చిన్న గుంపు. వేల గీతల కరెంటు, కొద్దిమంది మనుషులు. అట్లాంటప్పుడు ఏదో ఒక గీత ఎవరికో ఒకరికి అతికినట్టు సరిపోతాది. కొత్త గుంపులో, ఇంకో ఊళ్లో, ఇంకో మిషనుతో చూసినప్పుడు కూడా అంతే చెప్పాల. ఆ గుంపులో రాళ్లు కోసి వచ్చిన మనిషి ఎవడన్నా ఉంటాడనుకున్నావా? పైగా అది కూడా ఎవరికి తగ్గుతాదో చెప్తాది గానీ, మిషను లేకుంటే ఏమైతాదో చెప్పదు. మల్ల మొదటికే వచ్చినాం.

మామ: అయితే విను. ఇంతసేపూ నువ్వు చెప్పింది ఒకటే, తెలియదు అని. తెలియకపోవడం తప్పు కాదు. తెలియకుండా అమ్మడం తప్పు. ఉన్నోడు మిషను కొని, పనిచెయ్యకుంటే అలమారలో పెడతాడు. నేను కొంటే ఈ ఏడు విత్తనాల డబ్బు పోతాది. మూడు బోర్లు వేసి ఎండినాక అప్పు ఎవరు కట్టినారు? పాయింటు చూసినాయన కట్టలేదు, బండాయన కట్టలేదు. నేను కట్టినా. నీ చప్పుడు వైద్యంలో కూడా తేల్చకుండా మిగిలిన భాగమంతా నా నెత్తినే వేస్తుండావు. ముందుగా తెలుసుకోవడం మీ కాలేజీవాళ్లకు పరీక్షలాగ ఉంటే ఉండనీ, నాకు అది అవసరం.

కోడలు: అందుకే గదా జోస్యాన్ని నమ్మొద్దు అంటుండా. పని చెయ్యదు అని కంప్యూటరు తప్పుగా చెప్తే ఏమైతాది? రేపు ఏ పథకం కిందనో మిషన్లు ఇచ్చేటప్పుడు, ఈయనకు పని చెయ్యదంట, కొట్టెయ్ అంటారు. తప్పు జోస్యం కూడా నీ నెత్తినే పడతాది.

మామ: నిన్ను ఇంకోటి అడుగుతా. కూర్చుని మాట్లాడి భయం తీసే వైద్యం సంగతి మొదట చెప్పినావు. ఓర్వకల్లులో ఎవరు చేస్తారు అది?

కోడలు ఈ ప్రశ్నకు వెంటనే జవాబివ్వలేకపోయింది. ఆ ఆలస్యంలో నేను మామ పక్షమే. విమానాలు దిగే ఊరు ఓర్వకల్లు. 2021 మార్చిలో ఇక్కడ తెరిచిన విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. పక్క శకునాల, గని గ్రామాల నేలంతా 1000 మెగావాట్ల సోలార్ పలకలు పరుచుకున్నాయి. కానీ చెవి హోరుతో నిద్రపోని మనిషికి వరసగా కొన్ని వారాలు తెలుగులో, అతని యాసలో మాట్లాడి భయం తీసే మనిషి మండలంలో దొరకడం కష్టం. మాటల వైద్యానికి మిషను తోడైనా కాకున్నా సమానమేనని అధ్యయనం చెప్పినప్పుడు, మాటల వైద్యమే దొరకని చోట ఆ సమానం ఏ పనికొస్తుంది?

కోడలు: దొరకదు. నేను చేస్తా, ఫోన్లో అయినా చేస్తా. కానీ నీ ప్రశ్న నా ఒక్కదానితో తీరేది కాదు.

మామ: అసలు జోస్యం చెప్పాల్సింది నేను కటింగ్ మిషను దగ్గర నిలబడిన రోజున. బ్లేడు రాయిలో దిగేటప్పుడు పక్కనోడి అరుపు వినపడేది కాదు. ఎవరూ చెప్పలేదమ్మీ, చెవికి గుడ్డ పెట్టుకోమని కూడా. నీ సైన్సుకు అప్పుడు తెలియదా?

కోడలు: తెలుసు. మోతతో చెవి పోతాదని ఎప్పుడో తెలుసు. ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ దాటకూడదని ఫ్యాక్టరీల రూల్సులో ఉండింది. మోతతో పోయే వినికిడి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో రోగంగా రాసి ఉండింది. దానికి ఈఈజీ కూడా అక్కర్లేదు.

ఇద్దరూ ఇక్కడ కాసేపు ఆగుతారు. ఆ ఫ్యాక్టరీల్లో ఇప్పుడు నిలబడిన కుర్రవాళ్ల చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు ఉన్నాయా అన్నది వాళ్ల వాదనలో తేలే విషయం కాదు. లేబరు శాఖా యజమానులూ జవాబు చెప్పాల్సిన విషయం.

కోడలు: నేను నిన్ను కొనమనడం లేదు మామా. ముందు పెట్టుకుని చూడు. రోజూ కొన్ని గంటలు, మూడు నెలలు. మిషను వినికిడికి ఎట్లైనా కావాల, అది నీ కాగితమే చెప్తోంది. హోరు సంగతి మాత్రం మూడు నెలల తర్వాత చూద్దాం. రాత్రికి ఫోన్లో వాన చప్పుడు పెట్టుకో, హోరు లోపల సన్నగా వినపడేంత తక్కువగా. ఈరోజు వచ్చిన 66 ఇక్కడే గోడ మీద రాసి పెడదాం. ఏ తేదీకి ఎన్ని తగ్గాల, తగ్గకుంటే ఆపెయ్యాల, అది కూడా ఇప్పుడే రాద్దాం. మొదటి నెలలో నీ చెవి చెప్పేదానికన్నా మంచి జోస్యం ఏ కంప్యూటరూ చెప్పలేదు.

మామ: ఆ మూడు నెలల మిషను ఎవరిది?

కోడలు: కొన్ని కంపెనీలు వారం, పది రోజులు ఇస్తాయి.

మామ: పది రోజుల్లో బోరు కడిగేది కూడా కాదు. విను. ఈ మండలంలో ఆడోళ్లు 1990ల నుంచి పొదుపు సంఘాలు నడుపుతుండారు. రూపాయి రూపాయి కూడేసి ఐక్యసంఘమే కట్టినారు. సంఘం తరఫున నాలుగైదు జతల మిషన్లు కొని పెట్టుకుంటే? చూడాలనుకున్నోడికి మూడు నెలలు ఇస్తారు. పని చేస్తే వాడు కొనుక్కుంటాడు, చెయ్యకుంటే తిరిగి ఇచ్చేస్తాడు, ఇంకోడు చూస్తాడు. ఓడిపోయిన ఖర్చు అందరికీ పంచుకున్నట్టు అయితాది. ఇంకోటి కూడా, ఎవరికి తగ్గింది ఎవరికి తగ్గలేదు రెండూ పుస్తకంలో రాస్తారు. పాయింటు చూసినాయన మాదిరి పడినవే చెప్పుకోరు.

కోడలు: ఆలోచన బాగుంది. వరసలో నిలబడి ఇంకా మిషను అందనివాళ్ల మార్కులు కూడా రాస్తే, మిషను లేకుంటే ఏమైతాదో కూడా తెలుస్తాది. కానీ మిషనును ఒక్కొక్కరి వినికిడికి తగ్గట్టు మార్చాల, చెవి అచ్చు ఎవరిది వాళ్లకు వేరే తియ్యాల.

మామ: అచ్చు ఎవడిది వాడు తీయించుకుంటాడు. కడప రాయి కోసినంత పనేం కాదు గదా అది.

కోడలు: కాదు. కానీ మార్చే పనికి నెలనెలా ఒక మనిషి కర్నూలు నుంచి రావాల. చెమటకూ దుమ్ముకూ ఈ మిషన్లు తొందరగా చెడిపోతాయి, మన ఎండల్లో ఇంకా తొందరగా. రిపేరు ఖర్చు సంఘం పెట్టుకుంటాదా, పెట్టుకున్నోడు ఇవ్వాలా?

మామ: అది రేపు సంఘం మీటింగులో అడుగుతా. నువ్వు కూడా రా, వాళ్లకు ఈ 66 ఏమో, 7 ఏమో నాకు చెప్పినట్టే చెప్పు.